తాడు బస్సు నడిపిన మనిషి

మొన్నామధ్య చిక్కడపల్లి మెట్రో స్టేషను కింద రోడ్డు దాటబోతూ మా మనవరాలిని హడలగొట్టాను. అది నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, ఆగు, ఇంకా బళ్లొస్తున్నాయి" అంటూనే ఉంది. నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. అరచెయ్యి తెరిచి, వచ్చే బండివాడి మొహంవైపు చూడకుండా, చెబుతున్న కబురు ఆపకుండా, నడిచి అవతలికి వెళ్లిపోయాను. ఆటోలు ఆగాయి, మోటారు సైకిళ్లు ఆగాయి, ఒక నీళ్ల ట్యాంకరు కూడా ఆగింది. అవతలికి చేరాక అది నన్ను తిట్టడానికి నోరు తెరిచి, నవ్వేసి, "ఇదెక్కడ నేర్చుకున్నావ్?" అంది.

ఎక్కడో కాదు, ఈ రోడ్డు మీదే నేర్చుకున్నాను. నేర్పినాయన పోయి చాలా ఏళ్లయింది. "బండోని కండ్లల్లకు చూడొద్దు బిడ్డా. చూస్తే నువ్వు భయపడ్డవని వానికి తెలుస్తది. సడక్ ఎవరిది? నడిచేటోనిది. మిగిలినోళ్లంత కిరాయిదార్లు" అనేవారు. లారీని చూసినా, మంత్రిగారి కారుని చూసినా ఆయన మొహంలో అదే భావం, ఇల్లుగలాయన అద్దె ఎగ్గొట్టినవాణ్ని చూసినట్టు. పేరు రాయను. రాస్తే, "నా పేరెందుకు బిడ్డా, బస్సు నంబరు రాయి" అనే రకం మనిషి.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు చల్లబడ్డ కొత్తల్లో నేను నారాయణగూడలో ఒక పాత బంగళాలో ఉండే ప్లానింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. నక్ష మీద పల్చటి కాగితం పరిచి కింది గీతల్ని పైకి ఎత్తి రాసే పని. మాది బందరు. మావారి ఉద్యోగం కోసం వచ్చి చిక్కడపల్లిలో ఒక మేడ మీద వాటాలో దిగాం. బందులూ రాళ్లూ చూసిన ఊళ్లో కోడలు గడప దాటి ఉద్యోగం చెయ్యడమేమిటని మా అత్తగారికి మహా కష్టంగా ఉండేది. "రోడ్డున పడి తిరిగే పని కాదత్తయ్యా, కుర్చీలో కూర్చునే పని" అని చెప్పి ఒప్పించాను. అప్పటికి నేను మా ఆఫీసరుగారిని చూడలేదు, అందుకని అది అబద్ధం కిందికి రాదు.

నాకు రోడ్డు దాటడం నేర్పిన ఆ ఆఫీసరుగారు పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. ప్యాంటు కాళ్లకి ఎప్పుడూ సైకిలు క్లిప్పులు. సైకిలు లేని రోజున కూడా క్లిప్పులు తప్పవు. చేరిన రోజున నన్ను ఏం చదివావని అడగలేదు, ఎక్కడ పని చేశావని అడగలేదు.

"ఎట్ల వచ్చినవ్ బిడ్డా?" అన్నారు.

నడిచి వచ్చానన్నాను.

"ఏ గల్లీకెల్లి?"

చెప్పాను.

"ఆడ మోరీ మీద బండ ఇరిగింది గద. ఎట్ల దాటినవ్?"

చీర పైకెత్తి పట్టుకుని ఆ మురిక్కాలవ మీంచి ఒక్క గెంతు గెంతాననీ, గెంతేముందు అటూ ఇటూ చూసుకున్నాననీ కొత్త ఆఫీసరుతో ఎలా చెబుతాను? చీర అంచుకి అంటిన బురద దాచుకున్నాను. ఆయనకి అర్థమైపోయింది. గోడ మీది నక్ష దగ్గరికి వెళ్లి ఆ చోట చుక్క పెట్టి, పక్కన "ఆడోళ్లు దుంకే జాగ" అని రాసుకున్నారు. నా ఇంటర్వ్యూ అంతటితో పూర్తయింది.

ఎవరొచ్చినా మొదటి ప్రశ్న అదే. సంతకానికి వచ్చిన గుమాస్తాని అడిగేవారు, బాకా ఊదుకుంటూ వచ్చిన కాంట్రాక్టరునీ అడిగేవారు. మా ఆఫీసులో ఒకరింటి పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకుని అదే అడిగారు. పాపం ఆ అబ్బాయి పీటల మీద కూర్చుని, మగపెళ్లివారు రెండు బస్సులు మారి కాచిగూడలో దిగి చౌల్ట్రీ దాకా సామాను మోసుకొచ్చిన వైనమంతా చెప్పాల్సొచ్చింది. పురోహితుడు మంత్రం ఆపి మరీ విన్నాడు. మా ఆఫీసరుగారి భార్య, నోట్లో నాలుక ఉన్న ఇల్లాలు, నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నది: "మీ సారు సచ్చి స్వర్గానికి పోయినా లోపటికి పోడమ్మా. గేటు కాడ ఫుట్‌పాత్ ఉన్నదా లేదా అని సూస్కుంట ఆణ్ణే నిలవడ్తడు."

ఆ గోడ నక్ష చూడాలి మీరు. మిగతా ఆఫీసర్ల నక్షల్లో వెడల్పాటి రోడ్లూ, రోడ్ల మీద ఖాళీ ఉండేవి. ఈయన నక్షలో మేడ్చల్ నుంచి శంషాబాదు దాకా ఎరుపు గీతలు బస్సులకి, నీలం గీతలు సైకిళ్లకి, ఆకుపచ్చ గీతలు నడిచేవాళ్లకి. ఊరవతల పల్లెలో పాలు పిండుకునేవాడు సైకిలెక్కి ఏ బస్సు దగ్గరికి రావాలి, బస్సు దిగి ఎంత నడవాలి, ఆ నడక నీడలోనా ఎండలోనా, అన్నీ అందులో ఉండేవి. "ఊరంటే ఇండ్లు కాదు బిడ్డా, పోయి వచ్చుడు" అనేవారు. ఎవరైనా శుభ్రంగా, అందంగా గీసుకొస్తే కళ్లజోడు ఎత్తి చూసి, "దీంట్ల మనిషి కనబడ్తలేడు. మనిషి లేకుంటే ఇది నక్ష కాదు, ముగ్గు. తీస్కపోయి వాకిట్ల పెట్టు" అని తిరిగి ఇచ్చేసేవారు.

అన్ని గీతల్లోనూ ఆయన ప్రాణం ఒక చిన్న ఎర్రగీత మీద ఉండేది. అశోక్‌నగర్ గల్లీల్లో బయలుదేరి చిక్కడపల్లి మీదుగా, నారాయణగూడ చౌరస్తా దాటి, కాచిగూడ స్టేషనుకి చేరే బస్సు. ఆ గీతకి చీఫ్‌గారు ఒప్పుకోవడం లేదు. చీఫ్‌గారు అంటే ఈయన పైఆఫీసరు, కారులో వచ్చి కారులో వెళ్లే మనిషి. గల్లీల్లో బస్సు మలుపు తిరగదన్నారు. తిరిగినా ఎక్కేవాడెవడన్నారు. "అటువైపు అందరూ నడిచేవాళ్లేనయ్యా" అన్నారు. "మరి కార్లున్నోళ్లు ఎక్కుతరా సార్?" అన్నారు ఈయన. ఆ మాటతో ఫైలు బల్ల కిందికి పోయింది. ఆ వేసవికి ఈయన రిటైరు. "నేను దిగిపోయినంక ఈ గీత కోసం ఎవడు కొట్లాడ్తడు బిడ్డా?" అని ఒకరోజు నాతో అన్నారు. ఎప్పుడూ నవ్వే మనిషి అప్పుడు నవ్వలేదు. నాకు దిగులేసింది.

ఆ దిగులు ఆయనకి మర్నాటిదాకా కూడా నిలవలేదు. బస్సుల ఆఫీసుకి వెళ్లి, మలుపులు తిరుగుతుందో లేదో చూస్తాను, ఒక్క పూటకి ఒక ఖాళీ బస్సు ఇమ్మని అడిగారు. వాళ్లు కుదరదన్నారు. తిరిగొచ్చి మా అందరినీ వరండాలో నిలబెట్టి, "వాళ్లు బస్సు ఇయ్యరంట. ఏం ఫికర్ లేదు. మనమే బస్సయితం" అన్నారు. అయితే అవుదాంలే అని తలూపాం. మాట వరసకన్నారనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే అశోక్‌నగర్‌లో ఆయన ఇంటి ముందు నాలుగు కర్రలు సిద్ధంగా ఉన్నాయి. సర్వేవాళ్లు పాతే ఎరుపు తెలుపు పట్టీల కర్రలు. వాటి చుట్టూ కొబ్బరితాడు కట్టించి, సరిగ్గా ఒక బస్సు ఎంత పొడుగో ఎంత వెడల్పో అంత చేశారు. నాలుగు మూలలా నలుగురు కర్రలు పట్టుకోవాలి. వాళ్లు టైర్లు. ముందు నడిచే ఆయన డ్రైవరు. తాడు గోడకి తగిలినా, టైరు మోరీలోకి దిగినా ఆ మలుపులో బస్సు పట్టనట్టు లెక్క. నేను కండక్టర్ని.

"నేనా సార్?" అన్నాను.

"నీ గొంతు మంచిగుంటది. ఆఫీసుల కూసొని మాట్లాడితే చౌరస్తల ఇనవడ్తది" అన్నారు.

తాడు బస్సు కదిలింది. డ్రైవరుగారు నోటితో హారను కొట్టారు. మొదటి మలుపులోనే వెనక ఎడమ టైరు మోరీలో పడింది. ఆ టైరు మా డ్రాఫ్ట్స్‌మన్ యాదగిరి. మోకాలిదాకా దిగబడి, "సార్, పంచరయింది సార్" అని అరిచాడు. "పంచర్ కాదురా, ఆ కాంపౌండు గోడ మూల జర కొట్టేస్తే నువ్వు బతుకుతవ్" అని ఆయన ఆ గోడ మీద సుద్దముక్కతో గీత గీశారు. ఇంటాయన బయటికొచ్చి నా గోడ మీద గీతేమిటని పోట్లాటకి దిగితే, "మీ ఇంటి ముంగట బస్సు ఆగుతది" అన్నారు. ఇంటాయన కాసేపు ఆలోచించి, గోడ ఇంకొంచెం కొట్టినా ఫర్వాలేదన్నాడు.

రోడ్డంతా ముక్కున వేలేసుకుని చూసింది. చిక్కడపల్లికి వచ్చాం. మేము ఉండే మేడ అక్కడే ఉంది. బాల్కనీలో మా అత్తగారు పప్పు చేట పట్టుకుని నిలబడి ఉన్నారు. తాడు మధ్యలో ఒక్కదాన్నే నిలబడి, "నారాయణగూడ, కాచిగూడ, రావాలి రావాలి" అని కేకలు పెడుతున్న కోడల్ని చూశారు. చేట ఆగిపోయింది.

"ఏవిటే అమ్మాయ్, కుర్చీ పనన్నావు?" అన్నారు పైనుంచి.

"బస్సు అత్తయ్యా" అన్నాను.

"ఏదీ బస్సు? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. బస్సే లేదు, కండక్టరొకతె" అన్నారావిడ. డ్రైవరుగారు తలెత్తి ఆవిడకి దండం పెట్టి, "అమ్మా, మీ కోడలుతోని బస్సుకు కళ వచ్చింది" అన్నారు. ఇంటికెళ్తే ఏముందో అనుకుంటూ ముందుకు నడిచాను.

అసలు విడ్డూరం, మలుపులు ఇంకోసారి చూద్దామని మళ్లీ తాడు కట్టిన రెండో రోజున మొదలైంది. అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో లచ్చమ్మ అని పాలమూరు నుంచి వచ్చినావిడ ఉండేది. రోజూ ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని కాచిగూడ స్టేషను ముందు అమ్ముకోవడానికి నడిచి వెళ్లేది. ఆవిడ తాడెత్తి, వంగి, గంపతో సహా లోపలికి వచ్చేసింది.

"ఇది ఉత్త తాడమ్మా, ఎక్కినా నడవాల్సిందే" అన్నాను.

"ఎట్లయినా నడుసుడే గద అక్కా. బయట నడిస్తే మోటర్లు మీదికొస్తయ్. తాడు లోపల నడిస్తే మోటర్లే జరుగుతయ్" అంది.

అంతకన్నా గట్టి తర్కం నేను ఏ ఆఫీసులోనూ వినలేదు. ఆ మర్నాడు లచ్చమ్మతో ఇంకో నలుగురు వచ్చారు. తరవాత స్కూలు పంతులమ్మలు, సైకిలు షాపులో అద్దె సైకిలు దొరకని కాలేజీ కుర్రాళ్లు, రిక్షావాడి బేరంతో విసిగిన ముసలాయనలు. ఒకరి మాట బందరు యాస, ఒకరిది పాలమూరు యాస, ఒకరిది ఉర్దూ కలిసిన పాతబస్తీ తెలుగు. కొన్ని నెలల కిందట ఎవరు ఏ ఊరువాళ్లని అడిగి మరీ మొహం తిప్పుకున్న ఊళ్లో, ఆ తాడులోపల అంతా ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ నడిచారు. ఎక్కేచోట సుద్దతో గుండ్రం చుడితే, ఆ గుండ్రంలో నిలబడి ఎదురుచూసేవారు. నాకైతే పట్టపగ్గాలు లేని ఆనందం. రాత్రి పడుకున్నా నోట్లో "రావాలి రావాలి" అనే మాటే మెదిలేది.

ఒక పొద్దున చిక్కడపల్లి గుండ్రంలో మా అత్తగారు నిలబడి ఉన్నారు. పట్టుచీర, చేతిసంచీ. కాచిగూడకి వాళ్ల తమ్ముడొచ్చే రైలుందట.

"రిక్షా మాట్లాడనా అత్తయ్యా?" అన్నాను.

"నీ బస్సులో చోటు లేదా ఏవిటి?" అని తాడెత్తారు. ఎత్తి లచ్చమ్మ పక్కన నడుస్తూ, గోంగూర కట్ట ఎలా ఇస్తావని బేరం మొదలుపెట్టారు. వాళ్లిద్దరి మధ్యా అది పుంటికూరా గోంగూరా అన్న తగువు కాచిగూడ దాకా తెగలేదు.

ఈ తమాషా చెవిన పడి చీఫ్‌గారు కదిలారు. బస్సుల ఆఫీసుని ఒప్పించి ఫలానా రోజున ఒక అసలు బస్సు తెప్పిస్తాననీ, అందులో తానే కూర్చుని వస్తాననీ, స్టాపుల్లో జనం నిలబడి ఉంటే రూటు ఇస్తామనీ, లేకపోతే ఆ ఫైలు ఇక తెరవొద్దనీ కబురు పెట్టారు. ఈయన ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పొచ్చారు. ఆ రోజు తాడు బస్సు లేదు, గుండ్రాల్లో నిలబడండి, అసలు బస్సు వస్తుంది అని.

ఆ రోజు జనం వచ్చారు. ముందెన్నడూ రానంతమంది వచ్చారు. బస్సు రాలేదు. అశోక్‌నగర్ మొదటి స్టాపులో నేనూ ఆయనా, టైర్లు నలుగురూ నిలబడి ఉన్నాం. ఎండ ఎక్కింది. పంతులమ్మలు గడియారాలు చూసుకుంటున్నారు. ఒకాయన రైలు తప్పిపోతుందని గొణుగుతున్నాడు. లచ్చమ్మ గంప దించి ఆకుకూరల మీద నీళ్లు చల్లి, "సారూ, కూర వాడిపోతాంది. మన బస్సు కట్టున్రి" అంది.

ఆయన ఆ జనం మొహాలు చూశారు. నాకు తెలిసిపోయింది. స్టాపులో నిలబడి ఎదురుచూసే మనిషిని చూస్తూ ఆయన ఊరుకోలేరు. చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

"సార్, ఇప్పుడు వీళ్లని తీసుకెళ్లిపోతే స్టాపులన్నీ ఖాళీ. వెనక చీఫ్‌గారొచ్చి చూస్తే ఒక్కరూ ఉండరు. మీ గీత పోతుంది సార్" అన్నాను.

"తెల్సు బిడ్డా" అన్నారు. "కానీ స్టాపు కోసం మనుషుల్ని తెచ్చినమా, మనుషుల కోసం స్టాపు పెట్టినమా? తాడు తియ్యి యాదగిరీ."

నాకు ఏడుపొచ్చింది. యాదగిరి తాడు తెచ్చాడు. బస్సు బయలుదేరింది. స్టాపు స్టాపుకీ జనం ఎక్కుతూ, తాడు బిగుసుకుపోయి, టైర్లు నలుగురూ పక్కకి ఒరిగిపోతుంటే చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీదికి వచ్చాం. మా అత్తగారు కూడా ఎక్కారు. అప్పుడు వినిపించింది వెనక హారను. నోటి హారను కాదు, నిజమైనది.

తిరిగి చూస్తే ఎర్రబస్సు. లోపల డ్రైవరు, కండక్టరు, కిటికీ దగ్గర చీఫ్‌గారు. ఇంకెవరూ లేరు. అన్ని ఖాళీ స్టాపులూ చూసుకుంటూ వచ్చిన మొహం అది. హారను మళ్లీ మోగింది. మా డ్రైవరుగారు వెనక్కి తిరిగి చూడనుకూడా లేదు, అరచెయ్యి ఎత్తి నడుస్తూనే ఉన్నారు. లోపల ఎవరో, "ఎనక ఖాళీ బస్సొస్తుంది, దానికేం తొందర, జరగొద్దు" అన్నారు. అసలు బస్సు తాడు బస్సు వెనక నత్తలాగా పాకుతోంది. చివరికి చీఫ్‌గారే దిగి, గబగబా నడుచుకుంటూ మా పక్కకొచ్చారు.

"ఏమిటయ్యా ఇది? స్టాపుల్లో పిట్ట లేదు. నీ ప్యాసింజర్లేరీ?"

"ముంగట బండ్లెక్కిన్రు సార్" అన్నారు ఈయన. "మీది లేటయింది."

చీఫ్‌గారు ఏదో అనబోయేంతలో పక్కనుంచి ఒక రిక్షా దూసుకొచ్చింది. మా అత్తగారు తాడు పైకెత్తి, "ముందు లోపలికి రండి నాయనా, బయట బళ్లు గుద్దుతాయి. మాట్లాడేదేదో లోపల మాట్లాడుకోవచ్చు" అన్నారు. చీఫ్‌గారు, సూటూ బూటూ, తల వంచి తాడు కిందుగా లోపలికొచ్చారు. వచ్చాక దిగడానికి దారి లేదు, చుట్టూ జనం. అలాగే నారాయణగూడ చౌరస్తా దాకా నడిచారు. సగం దూరం పోయాక లచ్చమ్మనడిగారు.

"నిజం బస్సు వస్తే ఎక్కుతారా, ఈ తాడే బాగుందంటారా?"

"కాళ్లు గుంజవట్టె సారూ. కూసోనీకి జాగ ఇస్తే తాడెందుకు?" అంది లచ్చమ్మ.

చౌరస్తాలో చీఫ్‌గారు దిగి, వెనక పాకుతూ వచ్చిన ఖాళీ బస్సుని చూసి, మమ్మల్ని చూసి, నవ్వు ఆపుకోలేక జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఫైలు పంపించమన్నారు. మా డ్రైవరుగారికి రిటైరవడానికి ఇంకా కొన్ని రోజులుండగానే రూటు మంజూరైంది.

మొదటి రోజు బస్సుకి బంతిపూల దండ ఆయనే కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ప్రతివాళ్లనీ చెయ్యి పట్టుకుని ఎక్కించారు. నేనూ, మా అత్తగారూ ముందే ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాం. లచ్చమ్మ గంప ఎక్కింది. పంతులమ్మలు ఎక్కారు, యాదగిరి ఎక్కాడు, ఫుట్‌బోర్డు మీద కాలేజీ కుర్రాళ్లు వేలాడారు. చిట్టచివర ఆయన ఒక కాలు పైన పెట్టారు. కొత్త కండక్టరుకి ఆయనెవరో తెలియదు. భుజం మీద చెయ్యేసి దింపేశాడు.

"జాగ లేదు పెద్దాయనా. ఎనక బండి సూస్కో" అని, గంట కొట్టాడు. నేను లేచి అరవబోయాను. బస్సు కదిలిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన రోడ్డు మధ్యలో రెండు చేతులూ గాలిలోకి ఎత్తి నవ్వుతున్నారు.

ఆఫీసుకి నడిచే వచ్చారు. దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ వచ్చారట, ఇరానీ హోటలువాడికి, సైకిలు షాపువాడికి, ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా: "నాకు జాగ దొరకలే, నన్ను దింపేసిన్రు" అని. చేతిలో జిలేబీ పొట్లం, చొక్కా అంతా చెమట, కళ్లనిండా నీళ్లు. నాకు ప్రాణం ఉసూరుమంది. "అంత కష్టపడితే మిమ్మల్నే ఎక్కనివ్వలేదు. ఆ కండక్టరు మీద రిపోర్టు రాద్దాం సార్" అన్నాను.

"పిచ్చిదానా" అన్నారు, నా చేతిలో జిలేబీ పెడుతూ. "బిడ్డ పెండ్లిల తండ్రికే తినేటి బంతిల జాగ దొరకలేదంటే ఏందన్నట్టు? ఊరంత వచ్చిందన్నట్టు."